బస్తరు సీమలో మాటకు దొరికిన సాధనాలు

దంతేవాడలో శంఖినీ డంకినీ నదులు కలిసే చోట దంతేశ్వరీ ఆలయం ఉన్నది. ఆ ఆలయానికి చెందిన రెండు శిలాశాసనాలు బస్తరు చరిత్ర చదివినవారికి చిరపరిచితాలు. విక్రమ సంవత్సరం 1760లో, అనగా క్రీ.శ. 1703లో, బస్తరు రాజు దిక్పాలదేవుడు సపరివారంగా అమ్మవారి యాత్ర చేసిన సందర్భంలో అవి వెలసినవి. రాజగురువైన మైథిల పండితుడు భగవాన్ మిశ్ర మొదటి శాసనాన్ని సంస్కృతంలో రచించాడు. రెండవ రాయి మీద అదే విషయాన్ని ఛత్తీస్‌గఢీ పలుకుబడి కలిసిన హిందీలో చెక్కించాడు. ఇంకొక రాయి ఎందుకు కావలసి వచ్చిందో కూడా ఆ రాయి మీదనే తెలియజేశాడు: కలియుగంలో సంస్కృతం చదువగలిగినవారు కొద్దిమందే ఉంటారు కనుక భాషలో మరల వ్రాయించినట్లు చెప్పుకున్నాడు.

శాసనకర్త తన పాఠకుని గురించి ఇంత దిగులుపడిన సందర్భాలు మన శాసన వాఙ్మయంలో అరుదు. ఆచంద్రార్కం నిలవాలని కోరుకున్న రాజులు పెక్కుమంది ఉన్నారు గాని, చదివేవాడు ఎవడు అని అడిగినవారు తక్కువ. ఆ ప్రశ్నకు మిశ్ర పండితుడు చెప్పుకున్న సమాధానం మాత్రం సగమే. దంతేవాడ చుట్టుపట్ల పల్లెలలో నాడు వినిపించిన మాట గోండీ. సంతలో, రాజాస్థానపు వ్యవహారంలో హల్బీ. ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ మూడవ రాయి లేచినట్లు దాఖలా లేదు. తరువాతి మూడు శతాబ్దాలలో బస్తరుకు బడి వచ్చింది, అచ్చు వచ్చింది, టేపు రికార్డరు వచ్చింది, ఫోను వచ్చింది. ఒక్కొక్క సాధనం ఎవరి మాటను మోసింది, ఆ మాట పలికినవారిని శ్రోతలుగా ఉంచిందా, కర్తలుగా నిలిపిందా అన్నది విచారించదగిన చరిత్ర.

ఆ సీమలో రాయి మీదకు ఎక్కిన భాషలలో తెలుగు ఒకటి. బస్తరు శాసనాలను 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ప్రకటించిన రాయబహద్దూర్ హీరాలాల్ ఒక విశేషాన్ని గమనించాడు. ఇంద్రావతికి ఉత్తరాన దొరికిన శాసనాలు నాగరిలో ఉండగా, దక్షిణాన దొరికినవి తెలుగులో ఉన్నవి. ఉత్తరపు ఒడ్డున నారాయణపాల్‌లో గుండమహాదేవి వేయించిన 1111 నాటి శాసనం మొదటి కోవకు చెందినది. దక్షిణాన బార్సూరులో ఛిందక నాగరాజు ధారావర్ష జగదేకభూషణుని కాలంలో, ఆయన సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు చెరువు త్రవ్వించి శివాలయం కట్టించి వేయించిన శాసనం రెండవ కోవలోనిది. దాని కాలం శక సంవత్సరం 983, అనగా 1060. తెలుగు సాహిత్య విద్యార్థికి ఆ సంవత్సరం చూడగానే వేరొక ఊరు మనసుకు తట్టుతుంది. ఇంద్రావతి చివరకు కలిసేది గోదావరిలో. ఆ గోదావరి ఒడ్డునే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఏలుబడి అప్పటికి ముగింపుకు వచ్చింది. నన్నయ భారతానువాదం ఆ ఏలుబడిలోనిది. ఒకే కాలంలో, ఒకే నదీవ్యవస్థ మీద, తెలుగు ఒకచోట దానశాసనమైంది, మరొకచోట కావ్యమైంది. ఓరుగల్లు పతనం తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు వచ్చి బస్తరు రాజ్యాన్ని స్థాపించాడన్న ఐతిహ్యం ఆ రాజవంశంలో నిలిచి ఉన్నది. భోపాలపట్నం, కొంట ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడి దోర్లాల మాట తెలుగు వాసన బాగా తగిలిన కోయ. కాబట్టి బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. అందుచేతనే అక్కడి మాటకు జరిగిన ఉపేక్షలో తెలుగుకు కూడా కొంత పాలు ఉన్నది.

ఐతే రాయి, తాటాకు, కాగితం లేనంత మాత్రాన ఆ సీమలో విద్య లేదనుకోవడం పెద్ద పొరపాటు. మురియా గోండులకు ఘోటుల్ అనే వ్యవస్థ ఉండేది. ఊరి యువతీయువకులు సాయంకాలాలు కూడి, పెద్దవాళ్ళ జోక్యం లేకుండా, పాటలు, ఆటలు, కథలు, పొడుపుకథలు, ఊరి పనులు, మర్యాదలు నేర్చుకొనే ఇల్లు అది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవారు. బయటివారు దానిలో శృంగారాన్ని మాత్రమే చూచి ముక్కు మీద వేలు వేసుకున్నారు. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన బృహద్గ్రంథం ఆ అపోహను కొంత తొలగించింది, కొంత పెంచింది కూడా. ఘోటుల్‌ను స్థాపించినవాడు లింగో అని మురియాల విశ్వాసం. ఆ లింగో వారికి దేవుడు, గురువు, ఆది సంగీతకారుడు. ఆయన పదునెనిమిది వాద్యాలను ఏకకాలంలో వాయించేవాడట. మొదటి ఉపాధ్యాయుడు వాద్యకారుడై ఉండడం ఒక జాతి విద్యాదృష్టిని చక్కగా తెలుపుతుంది. ఆ దృష్టిలో నేర్చుకోవడమంటే సాధనాన్ని చేతపట్టడమే. డోలు వాయించనివాడు డోలు పాఠం నేర్చాడని ఘోటుల్‌లో ఎవరూ ఒప్పుకోరు.

ఆ తరువాత వచ్చిన బడి ఈ పద్ధతికి పూర్తిగా ఎదురు. పిల్లవాడు తన మాటను గడపవతల విడిచిపెట్టి లోపలికి రావాలి. 20వ శతాబ్దం ఆరంభంలో బస్తరు సంస్థానంలో బడులు పెరిగినవి. బడి ఇళ్ళు కట్టడానికి వెట్టిచాకిరీ, పిల్లలను బలవంతంగా రప్పించడం, ఉపాధ్యాయుల దౌర్జన్యం కూడా వాటితోపాటే పెరిగినవి. అడవులను రిజర్వు చేయడం, వెట్టి, పన్నులు అనే కారణాలతో ఇవి కూడా కలిసి 1910లో భూమ్కాల్ తిరుగుబాటుగా రగిలింది. ఆ తిరుగుబాటులో కాలిన వాటిలో పోలీసు ఠాణాలతోపాటు బడులు కూడా ఉన్నవి. తిరుగుబాటు కబురు ఊరూరికీ ఎట్లా ప్రాకిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మామిడి కొమ్మ, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణం: ఇవి చేతులు మారుతూ పల్లె నుంచి పల్లెకు నడిచినవి. అక్షరం అక్కరలేని తంతి అది. అడవిలో వార్తాప్రసారానికి తమదైన పద్ధతి ఉన్నవారి మీద వ్రాతను దండనగా ప్రయోగించారు. వారు దానిని తగులబెట్టారు. ఆ పనిని సమర్థించనక్కరలేదు గాని అర్థం చేసుకోవలసి ఉన్నది.

మాటను సేకరించినవారు వేరే ఉన్నారు. నాగపురం మిషనరీ స్టీఫెన్ హిస్లప్ ఒక ప్రధాను గాయకుని నోట విని వ్రాసుకున్న లింగో గాథ, ఆయన మరణానంతరం 1866లో రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో వెలువడింది. 1906లో భారతీయ భాషల సర్వే నాల్గవ సంపుటం గోండీకి, కోయకు నమూనాలిచ్చింది. ఆ సర్వే తన నమూనాలకోసం ఎంచుకున్న ప్రధాన పాఠం బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. వ్యాకరణానికి అది చాలును. ఆ మాటలో ఏ కథలు పుట్టినవో తెలియాలంటే చాలదు. గ్రిగ్సన్ బస్తరులో పరిపాలకుడుగా ఉండి మాడియా గోండులపై 1938లో గ్రంథం వెలువరించాడు. ఎల్విన్ పుస్తకాలలో వందలాది పాటలు మనోహరమైన ఇంగ్లీషు పద్యాలుగా లోకానికి అందినవి. మన పండితులు, పరాయి పండితులు కలిసి ఆ భాషల వ్యాకరణాన్ని శ్రద్ధగా పరిశోధించారు. బరో, భట్టాచార్యల పర్జీ గ్రంథం 1953లో, పి.ఎస్. సుబ్రహ్మణ్యం గోండీ వర్ణనాత్మక వ్యాకరణం 1968లో వచ్చినవి. ఇవన్నీ విలువైన పనులే. ఐనా వీటిలో ఒక్కటి కూడా ఆ పాట పాడినవారి చేతికి తిరిగి వెళ్ళి వారు చదువుకొనేందుకు ఏర్పడినది కాదు. సేకరించినవారి అలమారలో పాట భద్రంగా ఉన్నది. పాడినవారి ఇంట ఆ ముసలమ్మతో పోయింది.

ఈ వరుసలో మొదటిసారిగా దారి మార్చిన ప్రయత్నం బస్తరులో కాక, అదే గోండీ మాట వినిపించే ఆదిలాబాదు అడవులలో జరిగింది. 1940లో జోడెన్‌ఘాట్‌లో కుమ్రం భీము ప్రాణాలు కోల్పోయిన తరువాత, కారణాలు తెలుసుకొనడానికి నిజాము ప్రభుత్వం నియోగించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయి గ్రామంలో కాపురం పెట్టాడు. బస్తరు అనుభవమున్న గ్రిగ్సన్ అప్పటికి హైదరాబాదు ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూస్తూ ఉండడం ఆ పనికి కలిసివచ్చింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. మరాఠీ అంతో ఇంతో చదువగలిగిన గోండు యువకులను పోగుచేసి, వారినే ఉపాధ్యాయులుగా తయారుచేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేశారు. పిల్లవాడు ముందు తన మాటలో చదవడం నేర్చి, పిదప రాజ్యభాషలకు వెళ్ళాలన్నది పద్ధతి. ఈనాడు ఇది ప్రతి విద్యాసంఘం నివేదికలోను కనిపించే సామాన్య సూత్రం. 1943లో ఉర్దూ రాజభాషగా ఉన్న సంస్థానంలో, గోండీని భాషగా లెక్కించనివారి మధ్య ఇది సాహసం.

మార్లవాయి ప్రయోగంలో గుర్తించవలసిన విషయం వాచకం కంటె వాచకం చెప్పినవాడు. గోండు యువకుడు తన ఊరివారికి గురువైనాడు. ఐతే 1956 తరువాత ఆ జిల్లాలో బోధనాభాష తెలుగు కావడంతో గోండీ వాచకాలు మూలబడినవి. రాష్ట్రం తెలుగువారిదైనందుకు మనం పొంగిపోతున్న రోజులలో మార్లవాయిలో ఒక చిన్న దీపం ఆరినది. దానిని గురించి ఆనాటి పత్రికలు పట్టించుకొనవలసినంతగా పట్టించుకొనలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషాధారిత విద్య 2004లో మరల మొదలై, గోండీ, కోయ, కొలామీ, కొండ, కువి, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో తెలుగు లిపితో వాచకాలు వచ్చేవరకు దాదాపు అర్ధశతాబ్దం గడిచింది.

బస్తరుకు తిరిగి వస్తే, అక్కడ యంత్రం సాహిత్యానికి చేసిన మొదటి గొప్ప మేలు టేపు రికార్డరుది. కొండగాం ప్రాంతంలో గురుమాయిలు అనే గాయనులు హల్బీలో జగార్ గాథలు పాడతారు. లక్ష్మీ జగార్, తీజా జగార్, ఆఠే జగార్, బాలీ జగార్ అని వాటిలో నాలుగు రకాలు. పాడేటప్పుడు వాయించే వాద్యం ధన్‌కుల్. మట్టికుండ మీద చేట, చేట మీద విల్లు ఉంచి, వింటి మీద చీలికలు పెట్టిన వెదురు కర్రతో రాస్తారు. కుండ, చేట, విల్లు మూడూ ఇంటిలోని వస్తువులే. వంటింటిలోని పనిముట్లు మహాకావ్యానికి శ్రుతి అవుతాయి. లక్ష్మీ జగార్ వరిధాన్యపు దేవత వివాహగాథ. చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు అందులో నారాయణుని తొలి భార్యలు. వరి వచ్చి సవతి అవుతుంది. మెట్టపంటల కొండసీమకు మాగాణి వచ్చిన చరిత్రనంతా సవతుల కయ్యంగా చెప్పిన కల్పన అది. సురభిళమైన ఉత్ప్రేక్షలతో నిండిన ప్రబంధాలు చదివిన తెలుగువాడు కూడా ఈ ఊహకు తల వంచవలసి వస్తుంది. ఈ గాథను రోజుల తరబడి పాడే గురుమాయిలలో అక్షరం వచ్చినవారు అరుదు.

కొండగాం రచయిత హరిహర వైష్ణవ్, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి గురుమాయి సుక్‌దయి కోర్రాం పాడిన లక్ష్మీ జగార్‌ను టేపుపైకి ఎక్కించి, దాని నుంచి ప్రతి చరణాన్ని వ్రాసి, 2003లో కొండగాం నుంచే పుస్తకంగా ప్రకటించారు. 31,000 చరణాలు. పుస్తకం శీర్షికలో గురుమాయి పేరు ఉన్నది. ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు సేకరణలలో పాడినవారు ఒక తెగ, ఒక గ్రామం, మహా అయితే ఒక ముసలమ్మ. ఇక్కడ ఆమె గ్రంథకర్త. టేపు లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. కలంతో వ్రాసుకొనేవాడు గాయకురాలిని మాటిమాటికి ఆపవలసి వస్తుంది. ఆపితే లయ పోతుంది, లయ పోతే చరణం పోతుంది. తెలుగులో ఇటువంటి అనుభవం పల్నాటి కథకు ఉన్నది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న ద్విపదను మాత్రమే ఎరిగిన పండితలోకానికి, జీన్ రోఘేర్ 1974లో అలిశెట్టి గాలెయ్య పాడగా టేపుపైకి ఎక్కించిన వీరవిద్యావంతుల పాఠం వేరొక కావ్యాన్ని చూపింది. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలకోసం పల్లెలు తిరిగిన నాటికి అటువంటి యంత్రసౌకర్యం ఇంత సులభంగా లేదు.

టేపు ఇచ్చే భద్రతకు చెల్లించవలసిన మూల్యం కూడా ఒకటి ఉన్నది. గురుమాయి ఏటేటా పాడే గాథ ఏటేటా కొంత మారుతుంది. విన్నవారిని బట్టి, ఋతువును బట్టి, ప్రక్కన పాడే రెండవ గురుమాయి అందుకొనే తీరును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. ఆ మార్పే ఆమె సృష్టి. అచ్చయిన పాఠం ఒక్క పాటకు స్థిరరూపం ఇస్తుంది. తరువాత వచ్చే గురుమాయి దానిని ప్రమాణంగా పట్టుకొని కంఠస్థం చేస్తే సృష్టి నిలిచిపోయి పారాయణం మిగులుతుంది. దానిని ఒక గాయని పాడిన ఒక పాఠంగా మాత్రమే చూచే వివేకం ఉంటే ఈ ప్రమాదం లేదు. మన కవిత్రయ భారతానికి పాఠాంతరాలు వెదికి పరిష్కరించినవారికి ఆ వివేకం కొత్త కాదు.

2005 తరువాత బస్తరు పరిస్థితి వేరు. సల్వాజుడుం, మావోయిస్టుల సంఘర్షణలో ఊళ్ళు ఖాళీ అయినవి. బలగాలు విడిది చేస్తున్నవని బడి భవనాలను పేల్చివేశారు. దంతేవాడ, బీజాపూరు, సుక్మా ప్రాంతాలలో వెదురు తడికలతో పోర్టా క్యాబిన్ అనే వసతి బడులు లేచినవి. పిల్లలకు చదువు దక్కింది గాని ఇంటికి, ఊరి పాటకు దూరమైనారు. వేలాది కుటుంబాలు గోదావరి దాటి ఖమ్మం, వరంగల్లు అడవులకు వలస వచ్చినవి. వారిని ఇక్కడ గుత్తికోయలంటున్నారు. అధికారులకు, పత్రికలకు, ఉభయ పక్షాల సాయుధులకు బస్తరు గురించి చెప్పడానికి ఎంతో ఉండేది. బస్తరువాడు చెప్పినది వినడానికి మార్గం లేదు. పత్రికావిలేఖరులలో గోండీ తెలిసినవారు బహుకొద్ది. జగదల్‌పూర్ ఆకాశవాణి హల్బీ, గోండీ, భత్రీ పాటలు వినిపించింది గాని, వినేవాడు తిరిగి పలకడానికి రేడియోలో చోటు లేదు.

ఈ పరిస్థితిలో 2010 ఫిబ్రవరిలో సీజీనెట్ స్వర మొదలయింది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి దాని స్థాపకుడు. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయానికి చెందిన బిల్ థీస్ సాంకేతిక సహాయం చేశాడు. పద్ధతి అతి సులభం. పల్లెలోని మనిషి ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తాడు. యంత్రం తిరిగి అతనికి ఫోను చేస్తుంది, కాబట్టి ఖర్చు అతనిది కాదు. ఒకటి నొక్కితే తన మాట చెప్పవచ్చును. రెండు నొక్కితే ఇతరులు చెప్పినది వినవచ్చును. సంపాదకులు నిజానిజాలు విచారించి విడుదల చేస్తారు. దీనికి అక్షరం అక్కరలేదు, ఖరీదైన ఫోను అక్కరలేదు. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ తన డిజిటల్ పురస్కారానికి ఈ పనిని ఎన్నుకున్నది. ఆ పురస్కారానికి పరిశీలనలో ఉన్నవారిలో ఎడ్వర్డ్ స్నోడెన్ కూడా ఉన్నాడు.

ఆ ఫోనులో ఏమి వినిపించిందంటే, బోరింగు చెడిపోయింది, బియ్యం రాలేదు, ఉపాధిపని కూలి అందలేదు, పంతులు బడికి రావడంలేదు. విన్నవారు దూరాన ఉండి సంబంధిత అధికారికి ఫోను చేసేవారు. పని జరిగితే మరల ఫోను చేసి జరిగిందని చెప్పేవారు. దీనిని చూచి ఇది సాహిత్యానికి సంబంధించినది కాదని త్రోసివేయడం తొందరపాటు. గోండీలో వచనం పుడుతున్న తావు అది. తన ఊరి పేరు, తన పేరు చెప్పుకొని, జరిగినది జరిగినట్లు, వినేవాడు తనను ఎరుగడని గుర్తుంచుకొని, రెండు మూడు నిమిషాలలో చెప్పడం ఒక రచనాశిక్షణ. తెలుగు వచనానికి కూడా కైఫీయతులు, అర్జీలు, లేఖలు పూర్వరంగమై ఉన్నవి కదా. పైగా ఫిర్యాదుల నడుమ ఎవరూ అడగకుండానే పాటలు వచ్చినవి. పెండ్లిపాటలు, పండుగపాటలు, అప్పటికప్పుడు కట్టినవి. బోరింగు కోసం ఫోను చేయవచ్చునని తెలిసినవాడు పాటకోసం కూడా చేయవచ్చునని తనంతట తాను కనుగొన్నాడు.

సంకేతం అందని ఊళ్ళ కోసం ఇంకొక ఉపాయం వచ్చింది. ఇంటర్నెట్టు ఉన్న పంచాయతీ కార్యాలయంలో గోండీ వార్తలను, పాటలను దించుకొని, సంతలో ఒక ఫోను నుంచి మరొక ఫోనుకు బ్లూటూత్ ద్వారా పంచుకొనేవారు. జనం నోట అది బుల్టూ అయింది. దానినే పేరుగా నిలిపి బుల్టూ రేడియో అన్నారు. 1910లో మామిడి కొమ్మ నడిచిన దారిలోనే ఇది నడిచింది. చేతి నుంచి చేతికి, ఊరి నుంచి ఊరికి.

ఫోను లిపిని దాటవేసింది గాని, పిల్లల చదువుకు లిపి కావాలి, పుస్తకం కావాలి. పుస్తకానికి ఏ గోండీ అన్న చిక్కు వెంటనే వస్తుంది. 2011 జనాభా లెక్కలలో గోండీ మాట్లాడేవారు 29.84 లక్షలు. ఎనిమిదవ షెడ్యూలులో ఉన్న బోడోకు 14.82 లక్షలు. సంఖ్య రెట్టింపయినా గోండీకి షెడ్యూలులో స్థానం లేదు. ఆరు రాష్ట్రాలకు పైగా చెదిరిన భాష అది. ఒకచోట హిందీ, ఒకచోట మరాఠీ, ఒకచోట తెలుగు దాని మీద ఒరిగి ఉన్నవి. ఒక రాష్ట్రపు గోండు మాట మరొక రాష్ట్రపు గోండుకు సగమే తెలుస్తుంది. 2014 నుంచి పలు రాష్ట్రాల గోండులు కార్యశాలలలో కూడి ఉమ్మడి పదకోశం కోసం కూర్చున్నారు. ఒక్కొక్క వస్తువుకు తమ తమ ఊరి మాటలు చెప్పుకొని, వాదించుకొని, ఒక మాటను ప్రమాణంగా ఎంచుకొనేవారు. 2018లో ఆ కృషి నిఘంటువుగా ముగిసింది.

ప్రామాణికత విషయంలో తెలుగు రచయిత వెంటనే చప్పట్లు కొట్టరాదు. గ్రాంథిక వ్యావహారిక వివాదంలో అర్ధశతాబ్దం గడిపినవారం. ప్రామాణికమైన మాట పేరుతో శ్రీకాకుళపు మాటను, తెలంగాణపు మాటను, సీమ మాటను కథల నుంచి ఎంతకాలం వెలివేశామో అందరికీ తెలుసు. గోండీ ఆ తప్పును తప్పించుకొనాలంటే, ఎన్నుకున్న మాటతోపాటు ఎన్నుకొనని మాటలను కూడా నిఘంటువు మోయాలి. పాలనకు ఒక మాట చాలును, కథకు అన్నీ కావాలి.

ఈ చిక్కుకు ఆచరణలో కొంత పరిష్కారం చూపినది అనువాదం. సీజీనెట్ స్వర, మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయం, ప్రథమ్ బుక్స్ కలిసి గోండులనే అనువాదకులుగా కూర్చోబెట్టి పిల్లల కథలను గోండీలోకి తెప్పించినవి. ఫోనులో వాక్యాలు చూపి, గోండీలో చెప్పించి పోగుచేసే ఏర్పాటు కూడా జరిగింది. 2020లో ప్రకటించిన వివరాల ప్రకారం 12,000కు కొద్దిగా తక్కువ మాటలకు, వాక్యాలకు గోండీ అనువాదాలు లభించినవి. అనువాదంలో తోడ్పడగలవారు 650 మందికి పైగా గుర్తింపబడినారు. యంత్రాన్ని తర్ఫీదు చేయడానికి 12,000 వాక్యాలు సముద్రంలో కాకిరెట్ట. ఈ పనిలో విలువైన సంఖ్య ఆ 650. తన భాషలోకి ఒక వాక్యం తేవలసి వచ్చినవాడు మొదటిసారి తన భాషను బయట నిలబడి చూస్తాడు. ఈ మాటకు మన ఊరిలో ఏమంటారు, లేకపోతే ఎట్లా కట్టుకోవాలి అని ఆలోచిస్తాడు. నన్నయ చేసినది ఆ పనియే. భారతం తెలుగులోకి వస్తే, భారతంతోపాటు తెలుగు కూడా తయారయింది. పరాయి ఊరి పిల్లల కథను గోండీ చేసినవాడు రేపు తన ఊరి కథ వ్రాయకపోడు. ఐతే అనువాదాల దగ్గరే ఆగిపోతే గోండు పిల్లవాడు తన భాషలో పరాయి కథలే చదువుతూ ఉండవలసి వస్తుంది. తప్పిపోయిన కుమారుని కథకు, దానికి పెద్ద తేడా ఉండదు.

లిపి విషయంలో కూడా గోండులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1918లో మున్షీ మంగల్‌సింగ్ మసారం ఒక లిపిని కల్పించాడు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం దృష్టికి వచ్చిన వ్రాతప్రతులలో మరొక లిపి బయటపడింది. ఆ ప్రతుల కాలం 1750 ప్రాంతమని అంచనా. దానిని చదువగలిగిన వృద్ధులు అప్పటికి ఊరిలో వ్రేళ్ళ మీద లెక్కించదగినంతమంది. వారే పిల్లలకు గురువులైనారు. మసారం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడులో చేరినవి. అంటే ఆ అక్షరాలను ఇప్పుడు ఏ దేశపు కంప్యూటరైనా గుర్తింపవలసిందే. బస్తరులో మాత్రం గోండీ వ్రాత దేవనాగరిలోనే ఎక్కువగా సాగుతున్నది. ఒక భాషకు దేవనాగరి, తెలుగు, మసారం, గుంజాల అని నాలుగు వేషాలు. పండితులకు ఇది సంపదగా కనిపించవచ్చును. ఒక పుస్తకం అచ్చువేసి నాలుగు రాష్ట్రాలలో అమ్మదలచిన గోండు రచయితకు ఇది గుదిబండ.

శబరి నది ఒడ్డున ఈ విషయం కన్నులకు కట్టినట్లు కనిపిస్తుంది. కొంట దగ్గర ఛత్తీస్‌గఢ్ ముగిసి, చింతూరు వైపు ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. దోర్లా పిల్లవాడు ఒక ఒడ్డున నాగరి దిద్దుతాడు. వాని మేనమామ కొడుకు రెండవ ఒడ్డున తెలుగు దిద్దుతాడు. ఇద్దరి ఇళ్ళలోను ఒకే పాట. హీరాలాల్ ఇంద్రావతి దగ్గర గమనించిన లిపుల సరిహద్దు తొమ్మిది శతాబ్దాలలో కొంత దక్షిణానికి జరిగింది గాని చెరగలేదు. ఆ ఇద్దరు పిల్లలు ఒకరికొకరు ఉత్తరం వ్రాసుకోలేరు, ఫోనులో పాట పంపుకోగలరు. గుత్తికోయ పిల్లలు తెలంగాణ బడులలో తెలుగు నేర్చుకుంటున్నారు. వారిలో ఎవరైనా రేపు తెలుగులో కథ వ్రాస్తే మనం పత్రికలలో సంతోషంగా ప్రకటిస్తాము. కోయలో వ్రాసి పంపితే చదివి మంచిచెడ్డలు చెప్పగల సంపాదకుడు ఏ తెలుగు పత్రికలో ఉన్నాడన్నది వేరే సంగతి.

2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆదివాణి అనే అనువాద యంత్రాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. ఢిల్లీ ఐఐటీ నాయకత్వాన తయారైన ఆ పనిలో హైదరాబాదు, నయా రాయపూర్ ఐఐఐటీలకు కూడా పాలు ఉన్నది. హిందీ, ఇంగ్లీషు వాక్యాలను అది ఆదివాసీ భాషలలోకి మార్చుతుంది, పలుకుతుంది కూడా. తొలి విడతలో చేర్చినవి సంథాలీ, భీలీ, ముండారీ, గోండీ. గురుమాయిల హల్బీ, శబరి ఒడ్డు కోయ ఆ నాలుగింటిలో లేవు.